నవ్వించే వేషం నలుగురి మధ్య నేర్చుకునే విధానం

పద్యం పాడదలచినవారు ఇంట్లో హార్మోనియం ముందు కూర్చుని సాధన చేసుకోవచ్చు, తబలా నేర్చేవారు తలుపు వేసుకుని వాయించుకోవచ్చు. హాస్యగాడికి ఆ వసతి లేదు. నవ్వు పుట్టిందో లేదో చెప్పవలసింది ఎదుటివారే కాబట్టి ఈ విద్యకు మొదటి రోజు నుంచే రెండో మనిషి కావాలి. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో నాటకాల మీద, సర్కస్ జోకరు తరహా వేషాల మీద ఆసక్తితో కొత్తగా మొదలుపెట్టే యువతీ యువకులు జోకుల పుస్తకాలు కొనడానికి ముందు తోటివారిని వెతుక్కోవడం మేలు.

బృందంలో నలుగురి నుంచి ఆరుగురి వరకు ఉంటే సరిపోతుంది. అంతకంటే ఎక్కువైతే చేసేవారికన్నా చూసేవారే మిగులుతారు. అందరూ హాస్యగాళ్లే కాకుండా చూసుకోవాలి. రాజు, మామగారు, ఎస్సై వంటి గంభీరమైన పాత్రలను నవ్వకుండా నిలబెట్టగలిగిన నటుడు ఒకరు, డోలు గాని తబలా గాని తెలిసినవారు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. సెలవు రోజుల్లో బడి గది, పెళ్లిళ్లు లేని రోజుల్లో కల్యాణ మండపం, పెద్దల అనుమతి ఉంటే గుడి ముందరి మండపం అభ్యాసానికి పనికొస్తాయి. మన వైపు ఎక్కడికి వెళ్లినా నేల కడప బండలో బేతంచెర్ల బండలో పరిచి ఉంటుంది కాబట్టి, పడే లేచే అభ్యాసాలకు పాత పరుపులు రెండు ముందుగానే తెచ్చుకోవాలి.

తొలి వారాల్లో వేషం వేయడం కన్నా చూడడానికే ఎక్కువ సమయం ఇవ్వండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపొందిన ఊరు; ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ రామాయణ కథ నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు తెర మీదికి వచ్చి పోట్లాడుకునే తీరును శ్రద్ధగా గమనించాలి. వాళ్లకు కథతో సంబంధం తక్కువ, ప్రేక్షకులతో సంబంధం ఎక్కువ. రాత్రి పొద్దుపోయి జనం కునికిపాట్లు పడుతున్న వేళ చూసి వస్తారు, ఆ ఊరి సంగతులే మాట్లాడతారు, నవ్వు ఇంకా మిగిలి ఉండగానే వెళ్లిపోతారు. తెర వెనుక బొమ్మలను ఆడించేవాళ్లు చెక్కల మీద కాలితో తొక్కి దెబ్బకు శబ్దం జోడించే పద్ధతి మరీ విలువైనది, ఎందుకంటే దెబ్బా శబ్దమూ ఒకేసారి పడకపోతే ఆ హాస్యం చప్పబడిపోతుంది. తాళం తెలిసినవారు బృందంలో ఉండాలన్నది ఇందుకే.

చూడవలసిన మరో చోటు మార్కెట్. పత్తికొండ టమోటా మార్కెట్లోనో అనంతపురం పక్కనున్న కక్కలపల్లి మండీలోనో వేలం పాడే మనిషి మాటల వేగాన్ని ఎక్కడ పెంచుతాడో, ఎక్కడ హఠాత్తుగా ఆపుతాడో ఒక పూట విని రండి. బస్టాండులో ఒకొక్కరు ఒకొక్క మనిషి నడకను ఎంచుకుని, అభ్యాసానికి వచ్చినప్పుడు ఆ నడకతోనే లోపలికి రావాలి. మిగిలినవారు ఆ మనిషి వయసు, వృత్తి, తొందర ఎంతో ఊహించి చెప్పాలి. కుంటితనాన్నో గూనినో పట్టుకోవడం సులువు గాని, అందువల్ల మీకు నడకలోని మనిషి దొరకడు. బరువు శరీరంలో ఎక్కడ ఉంది, చూపు ఎక్కడికి పోతోంది, చేతులు ఏ వస్తువు కోసం వెతుకుతున్నాయి అన్నవే పట్టుకోవలసిన విషయాలు.

ఇక అసలు అభ్యాసానికి వద్దాం. పారిస్‌లో 1956లో నటనా పాఠశాల స్థాపించిన జాక్ లెకాక్ తన విద్యార్థులను ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి మిగిలినవారిని నవ్వించమన్నాడు. వాళ్లు పిల్లిమొగ్గలు వేశారు, చమత్కారాలు పలికారు, ఎవరికీ నవ్వు రాలేదు. చివరికి విసిగి, ఓడిపోయిన ముఖాలతో తమ చోటికి వెళ్లి కూర్చున్నప్పుడు అందరూ నవ్వారు. ప్రయత్నం విఫలమైన క్షణంలో బయటపడే మనిషి బలహీనతే జోకరు వేషానికి మూలమని ఆయన అక్కడ గ్రహించాడు. మీ బృందంలోనూ ఇదే చేయవచ్చు. ఒకరు లోపలికి వచ్చి, ఏమీ చేయకుండా, చూస్తున్నవారి కళ్లలోకి చూస్తూ కొంతసేపు నిలబడాలి. చేతులు ఏం చేయాలో తెలియని ఆ ఇబ్బందిని దాచుకోకుండా ఉండగలగడమే ఈ పాఠం. చాలామందికి ఇది పిల్లిమొగ్గకన్నా కష్టం. కాలేజీలో మిమిక్రీ చేసి చప్పట్లు కొట్టించుకున్నవారికి మరింత కష్టం.

తరువాత ఇద్దరితో, ముగ్గురితో చిన్న సన్నివేశం కట్టుకోవాలి. మన ప్రాంతానికి బాగా సరిపోయే ఉదాహరణ ఒకటి చెబుతాను. బోరు వేయడానికి నీళ్లు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేను తిరుగుతాడు; నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుందని నమ్మకం. పాత్రలు మూడు: నీళ్లు చూసే పెద్దమనిషి, కాయల సంచి మోసే శిష్యుడు, రైతు. పెద్దమనిషికి తన విద్య మీద అంతులేని గర్వం. శిష్యుడికి ఆకలి, అతని దృష్టంతా ఆ కాయను ఎప్పుడు పగలగొడతారా అన్నదాని మీదే. రైతుకు మాత్రం నీళ్లు కావాలి, అంతే.

ఈ సన్నివేశాన్ని మొదట మాటలే లేకుండా ఆడండి. మాట లేనప్పుడు ముగ్గురూ ఒకరినొకరు చూసుకోక తప్పదు, కాబట్టి ఎవరి చూపు ఎప్పుడు ఎటు తిరిగిందో స్పష్టమవుతుంది. చూసేవారు నటుడి చూపు పోయిన చోటికే తామూ చూస్తారు. అందుకే ఒకేసారి ఇద్దరు కదలకూడదు. పెద్దమనిషి కాయ లేపుతుండగా వెనుక శిష్యుడు పొట్ట నిమురుకుంటే రెండూ పోతాయి. కాయ లేచాక, పెద్దమనిషి గర్వంగా ఆగాక, రైతు శిష్యుడి వైపు తిరిగాక, అప్పుడు పొట్ట నిమురుకుంటే నవ్వు వస్తుంది. రెండోసారి ముగ్గురికీ కలిపి ఒకే మాట ఇవ్వండి, ఉదాహరణకు ‘ఈడనా?’ అన్న మాట. రైతు ఆశతో అడుగుతాడు, పెద్దమనిషి శాసించినట్లు పలుకుతాడు, శిష్యుడు కాయను పగలగొట్టేది ఇక్కడేనా అన్నట్లు అడుగుతాడు. మూడోసారి మాత్రమే సంభాషణలు రాసుకోండి. అప్పటికి సగం సంభాషణలు అవసరం లేవని మీకే తెలుస్తుంది.

ఇందులో అన్నిటికంటే కష్టమైన పాత్ర రైతుది. ఆ నటుడు నవ్వితే, నవ్వు ఆపుకుంటున్నట్లు కనిపించినా సరే, సన్నివేశం కూలిపోతుంది. హరిశ్చంద్రుడు నిజంగా బాధపడుతుంటేనే నక్షత్రకుడి వేధింపు రక్తి కడుతుందని మన పద్యనాటకాల వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సర్కసుల్లోనూ ఇదే ఏర్పాటు: తెల్లని ముఖంతో, మంచి దుస్తులతో పెత్తనం చేసే జోకరు ఒకడు, వదులు చొక్కాతో ప్రతి పనీ చెడగొట్టే జోకరు ఇంకొకడు. ఎవరు ఏ పాత్రకు తగినవారో మొదటే నిర్ణయించుకోకుండా వారం వారం పాత్రలు మార్చుకోవాలి. శిష్యుడి వేషంలో తేలిపోయిన నటుడు రైతు వేషంలో అద్భుతంగా రాణించవచ్చు, అటువంటి మనిషిని బృందం కళ్లలో పెట్టుకుని చూసుకోవాలి. చూసేవారిలో నీళ్లు పడని బోర్లకు అప్పులు చేసినవారు ఉంటారన్నది కూడా మరువకూడదు. ఇక్కడ నవ్వు పడవలసింది పెద్దమనిషి గర్వం మీద, రైతు అవసరం మీద కాదు.

సంభాషణ పలకడంలో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది పదాల వరుస. తెలుగులో క్రియ సాధారణంగా చివర వస్తుంది. నవ్వు పుట్టించే పదం దానికి ముందే వచ్చేస్తే, నవ్వు మొదలైన చోట ఇంకా మాట మిగిలిపోతుంది. ‘మా మామ పెళ్లి ఊరేగింపుకు గాడిదెక్కి వచ్చినాడు’ అన్నప్పుడు ‘వచ్చినాడు’ నవ్వులో మునిగిపోతుంది, లేదా నవ్వునే తొక్కేస్తుంది. ‘ఊరేగింపుకు వచ్చినాడు మా మామ, గాడిదెక్కి’ అని తిప్పితే వాక్యమూ నవ్వూ ఒకచోటే కలుస్తాయి. మన వాడుక భాష ఈ స్వేచ్ఛను ఎప్పుడూ ఇస్తుంది, రాసిన నాటకం చదివేటప్పుడు మాత్రం నటులు దాన్ని మరిచిపోతారు. రెండోది యాస. సినిమాల్లో వినిపించే ‘సీమ’ యాసను అనుకరించవద్దు. అనంతపురంలో ‘ఏమప్పా’ అనే చోట కడపలో ‘ఏమబ్బీ’ అంటారు, ఆ తేడా మీ ప్రేక్షకులకు మీకన్నా బాగా తెలుసు. పద్యం వచ్చిన చోట కూడా సాగదీయకండి. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ రాగాన్ని సాగదీయడం కన్నా భావం పలికించడమే ముఖ్యమని పట్టుబట్టిన నటుడు. హాస్యపాత్రకు ఆ పట్టుదల రెట్టింపు అవసరం.

నవ్వు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది కొత్తవారికి తెలియదు. నవ్వు లేచి, నిండుగా పెరిగి, తగ్గుముఖం పడుతుంది. పూర్తిగా ఆగేదాకా వేచి ఉంటే ఆట చల్లబడుతుంది, పైకి లేస్తుండగా మాట్లాడితే తరువాతి మాట వినబడదు. సగానికి తగ్గినప్పుడు అందుకోవాలి. ఆ మధ్యలో నటుడు బొమ్మలా నిలబడకుండా అంతకు ముందున్న ఆలోచనలోనే ఉండాలి. నవ్వు రాకపోతే ఆగవద్దు, అదే మాటను గట్టిగా మళ్లీ చెప్పనూ వద్దు. నాట్యశాస్త్రం హాస్యాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు మెట్లుగా విభజించింది. పళ్లు కనిపించని చిరునవ్వు దగ్గర మొదలై, కళ్లనీళ్లు కారే పగలబాటు నవ్వు దాకా ఈ మెట్లు ఎక్కుతాయి. ఒకే సన్నివేశాన్ని స్మితం దగ్గరే ఆగేలా ఒకసారి, అతిహసితం దాకా వెళ్లేలా మరోసారి ఆడి చూస్తే, ప్రతి మాటకూ పగలబడి నవ్వించాలన్న ఆత్రుత తగ్గుతుంది.

దెబ్బలు, పడడాలు సరదాగా నేర్చుకునేవి కావు. చెంపదెబ్బ కొట్టే ముందు ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాలి. చేయి ముఖానికి దూరంగా గాలిలోంచి పోవాలి. చప్పుడు దెబ్బ తినే నటుడే ప్రేక్షకులకు కనిపించకుండా నడుము దగ్గర రెండు అరచేతులు చరిచి చేయాలి. తల తిప్పడం కూడా దెబ్బ తినేవారి చేతిలోనే ఉంటుంది. పడేటప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి, ఊపిరి వదులుతూ, మోకాళ్లు వంచి పక్కకు దొర్లాలి. అరచేతులు ఆనిస్తే మణికట్టు విరగవచ్చు. మద్యం తాగి వచ్చినవారితో ఆ రోజు ఈ అభ్యాసం చేయకూడదు, ఇందులో మొహమాటం పనికిరాదు.

వేషం విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కొబ్బరినూనె పలచగా రాసి తెల్లని జింక్ ఆక్సైడ్ వేసుకోవడం ఊళ్లలో అందరికీ అలవాటే. పాతకాలంలో వాడిన అర్దళం అనే పసుపు రంగు ఖనిజంలో పాషాణం (ఆర్సెనిక్ విషం) ఉంటుంది గనుక ఎవరు ఇచ్చినా దాన్ని ముఖానికి పూయవద్దు. మన ఎండాకాలంలో రంగు చెమటకు కారిపోతుంది కాబట్టి ముఖమంతా నింపేకన్నా కళ్ల చుట్టూ, నోటి చుట్టూ మాత్రమే దిద్దుకోవడం నయం. ఎర్రని ముక్కు పెట్టుకుంటే ముక్కుపుటాలు నొక్కకుండా చూసుకోవాలి, లేకపోతే గొంతు మారిపోతుంది. చిన్నపిల్లలున్న చోట వేషంతో వేగంగా దగ్గరికి వెళ్లకుండా, దూరంగా నేల మీద కూర్చుని వాళ్లే వచ్చేదాకా ఆగాలి.

అభ్యాసం అయ్యాక చర్చ ఎలా జరిపారన్నదాని మీదే బృందం నిలవడం, విడిపోవడం ఆధారపడి ఉంటుంది. ‘ఎట్లా చేసినాను?’ అని అడిగితే స్నేహితులు ‘బాగుందిలే’ అంటారు. ‘మీరు ఎక్కడ నవ్వినారు, ఎక్కడ పక్కకు చూసినారు?’ అని అడగండి. వంతులవారీగా ఒకరు నటించకుండా పుస్తకంలో ఆ చోట్లు మాత్రమే రాయాలి, సలహాలు రాయకూడదు. ఒకరు కనిపెట్టిన చేష్టను ఇంకొకరు వాడుకోవాలంటే అడిగి తీసుకోవాలి. ఈ చిన్న మర్యాద తప్పడం వల్లే మంచి బృందాలు చీలిపోయాయి.

హాస్యంలో కులాల మీద, ఆడవేషం మీద, అంగవైకల్యం మీద ఆధారపడే పాత అలవాటు ఇంకా బలంగానే ఉంది. చింతామణి నాటకంలోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పిన మీదట 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నదానిపై వాదాలు ఉన్నాయి. ఆ నాటకం మీదే బతుకుతున్న నటులు మాత్రం ఒక్కసారిగా ప్రదర్శనలు కోల్పోయారు. కొత్త సన్నివేశం కట్టుకునేటప్పుడే, మీరు ఎవరి గురించి నవ్విస్తున్నారో ఆ మనిషి ముందు వరుసలో కూర్చున్నా ఇదే ఆడగలరా అని బృందమంతా కలిసి తేల్చుకోండి.

మొదటి ప్రదర్శనకు నాటక పరిషత్తుల పోటీలను ఎంచుకోవద్దు. ఏదైనా ఊరి జాతరలో నాటకం మధ్య విరామంలో పది నిమిషాలు అడిగి తీసుకోండి. వేదిక మీద మైకులు ఎక్కడ వేలాడుతున్నాయో పగలే చూసుకుని, సంభాషణలున్న చోట్లను వాటి కిందికి మార్చుకోవాలి, ఎందుకంటే ఎంత మంచి మాటైనా మైకుకు అందకపోతే వెనుక వరుసలకు చేరదు. డోలు వాయించేవారు నటులకు కనిపించేలా కూర్చోవాలి. పారితోషికం ఇస్తే ఎలా పంచుకోవాలో, ఇవ్వకపోతే దారి ఖర్చులు ఎవరు పెట్టుకోవాలో బయలుదేరక ముందే మాట్లాడుకోండి. తిరిగి వచ్చాక మొదటి సమావేశంలో పుస్తకం తెరిచి, ఊరివాళ్లు నవ్విన చోట్లను, మీలో మీరు నవ్వుకున్న చోట్లను పక్కపక్కన రాసి, రెండూ కలవని చోటి నుంచి మళ్లీ పని మొదలుపెట్టండి.