పాడుబడిన కాంక్రీటును చదవడం – మూడో పాఠం: నీటి దారి

పగుళ్ల వెడల్పును, దిశను గుర్తించడం గత పాఠంలో నేర్చుకున్నాం. వాటికి కారణమైన నీరు ఏ దారిన దిగిందో కనిపెట్టడం ఈ పాఠంలో అభ్యసిద్దాం. ఇందుకు బల్గేరియాలో కమ్యూనిస్టు పార్టీ కోసం కట్టిన బుజ్లుజా స్మారక భవనాన్ని తీసుకుంటున్నాను. బాల్కన్ పర్వతాల్లో 1,400 మీటర్లకు పైబడిన శిఖరం మీద, వాస్తుశిల్పి గియోర్గి స్టోయిలోవ్ రూపకల్పనతో నిర్మించిన ఈ భవనం 1981లో ప్రారంభమైంది. 1989లో కమ్యూనిస్టు పాలన కూలిన తరువాత ఆలనాపాలనా కరవైంది.

పరిశీలనను ఎప్పుడూ పైకప్పు నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడ గుండ్రని సభామందిరం పైనున్న రాగి రేకులను దొంగలు ఊడదీసుకుపోవడంతో వానా మంచూ నేరుగా లోపలికి దిగాయి. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కనుక, కాంక్రీటు రంధ్రాల్లో నిండిన నీరు చలికాలమంతా గడ్డకడుతూ, కరుగుతూ దానిని పొరలు పొరలుగా వదులు చేస్తుంది. లోపలి గోడలపై మొదట 900 చదరపు మీటర్లకు పైగా ఉండిన మొజాయిక్‌ల (చిన్న రంగురంగుల ముక్కలను అతికించి చేసిన చిత్రాల) వెనుక గచ్చుకూ ఇదే ముప్పు.

రెండో నష్టం ఇనుప కమ్మీలది. కొత్త కాంక్రీటులోని క్షారగుణం కమ్మీపై కంటికి కనిపించని రక్షణ పొరను నిలుపుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చొచ్చుకుపోయి ఆ గుణాన్ని తగ్గించాక, తేమ, ఆక్సిజన్ అందిన కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి పైనున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది.

ఈ రెండింటినీ విడదీసి చూడగలగడమే ఈ పాఠంలో అసలు నైపుణ్యం. నీరు నిలిచే అంచుల్లో, గోధుమరంగు మరక లేకుండా పైపొర పొడిపొడిగా రాలుతుంటే మంచును అనుమానించాలి. కమ్మీ వెంబడే తిన్నగా సాగే పగులు, దాని పక్కన గోధుమరంగు చార కనిపిస్తే తుప్పును అనుమానించాలి. శ్లాబు అడుగున తెల్లని చారలుంటే, దానిగుండా దిగిన నీరు సున్నాన్ని కరిగించి తెచ్చిందని గ్రహించాలి. ఆ చారకు సరిగ్గా పైభాగాన నీటి ప్రవేశమార్గం ఉండకపోవచ్చు, ఎందుకంటే నీరు వాలును బట్టి పక్కకు నడిచి, దొరికిన పగులులోంచి దిగుతుంది.

2019లో అమెరికాలోని కళా, వారసత్వ సంరక్షణ సంస్థ గెటీ ఫౌండేషన్ ఈ భవన సంరక్షణ ప్రణాళికకు నిధులిచ్చింది. నా దృష్టిలో ఇలాంటి కట్టడానికి మొదటి చికిత్స నీటిని ఆపడమే. అది జరగకుండా గోడలకు ఎంత మరమ్మతు చేసినా నిలవదు.

అభ్యాసం: ఈ భవనం లోపలి ఛాయాచిత్రం ఒకటి తీసుకొని తెల్లని చారలను నీలిరంగుతో, తుప్పు మరకలను ఎరుపుతో గుర్తించండి. తరువాత ప్రతి నీలి గుర్తు నుంచి పైకి, వాలుకు ఎదురుగా గీత గీస్తూ, నీరు ఎక్కడ ప్రవేశించి ఉంటుందో ఒక్క వాక్యంలో రాయండి. వచ్చే పాఠంలో ఆ గీతలతోనే పని మొదలుపెడదాం.