అమెరికా బాంబులేసిందని వార్త వస్తే ముందు ఏ కాగితం చూడాలి

మా అబ్బాయి అమెరికా సైన్యంలో చేరి నాలుగేళ్లయింది. ఎక్కడో దాడి మొదలైందని ఫోన్‌లో అలర్ట్ వస్తే మొదట్లో రాత్రంతా టీవీ ముందే కూర్చునేదాన్ని. టెన్షన్ పెరిగేది తప్ప తెలిసేది ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు టీవీ కట్టేసి నోట్‌బుక్ తీస్తాను. దీనికి అనుమతి ఎవరిచ్చారు, ఎప్పటిదాకా ఇచ్చారు, ఆపాలంటే ఎవరిని అడగాలి అన్నవి రాసుకుంటాను. అమెరికాలో ఓటున్న ఎవరైనా ఈ పని చేయొచ్చు.

ముందు రాజ్యాంగంలో రెండు చోట్లు చదవండి. మొదటి అధికరణం 8వ సెక్షన్ ప్రకారం యుద్ధం ప్రకటించేది, సైన్యాన్ని పోషించేది కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా పార్లమెంటు. సైన్యానికి ఒక్కసారిగా రెండేళ్లకు మించి డబ్బు కేటాయించకూడదని కూడా అక్కడే ఉంది. రెండో అధికరణం 2వ సెక్షన్ అధ్యక్షుణ్ణి సర్వసేనాధిపతిని చేసింది. రాజ్యాంగం రాస్తున్నప్పుడు, 1787 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో చర్చకు వచ్చిన ముసాయిదాలో ‘యుద్ధం చేయడం’ కాంగ్రెస్ పని అని ఉండేది. దాన్ని ‘యుద్ధం ప్రకటించడం’గా మార్చాలని ఆ సభలోని ప్రతినిధులు మాడిసన్, గెర్రీ ప్రతిపాదించారు. శత్రువు హఠాత్తుగా మీద పడితే అధ్యక్షుడు కాంగ్రెస్ కోసం ఆగకుండా తిప్పికొట్టగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ చిన్న వెసులుబాటును తర్వాతి అధ్యక్షులు లాగి లాగి, ఎవరూ మన మీద పడకపోయినా దాడి చేయొచ్చు అనేదాకా తెచ్చారు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

‘యుద్ధం ప్రకటించారా?’ అని మాత్రం వెతకకండి. కాంగ్రెస్ ఆఖరుసారి యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. కొరియా, వియత్నాం, ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ ఏవీ ప్రకటించిన యుద్ధాలు కావు. వెతకాల్సింది అధ్యక్షుడి ఉత్తరం.

1973లో అధ్యక్షుడు నిక్సన్ వీటో చేసినా (సంతకం పెట్టకుండా తిప్పి పంపినా) కాంగ్రెస్ పట్టుబట్టి వార్ పవర్స్ రిజల్యూషన్ (యుద్ధాధికారాల తీర్మానం)ను చట్టం చేసింది. దాని ప్రకారం సైన్యాన్ని పోరులోకి దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు ప్రతినిధుల సభ స్పీకర్‌కూ, సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడికీ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తరం సాధారణంగా ఒకటి రెండు పేజీలే ఉంటుంది. అందులో రెండు విషయాల కింద గీత గీయండి. మొదటిది, ఏ అధికారంతో చేశానంటున్నాడు? కాంగ్రెస్ చేసిన చట్టం పేరు ఉందా, లేక సర్వసేనాధిపతిగా తన అధికారం అని మాత్రమే ఉందా? రెండోది, 1973 చట్టం గురించి ఏ మాట వాడాడు? ‘చట్టం ప్రకారం’ అని రాయరు, ‘కన్సిస్టెంట్ విత్’ అని రాస్తారు, అంటే చట్టానికి అనుగుణంగా అని. ఆ చట్టానికి కట్టుబడ్డామని ఒప్పుకోకుండా ఉండటానికే ఈ మాట. ఈ చట్టం పెట్టే 60 రోజుల గడువు మొదలయ్యే సెక్షన్‌ను పేరు పెట్టి ప్రస్తావించింది 1975లో, కంబోడియా పట్టుకున్న అమెరికా సరుకు ఓడ మయాగెజ్ విషయంలో అధ్యక్షుడు ఫోర్డ్ రాసిన ఉత్తరం.

తర్వాత క్యాలెండర్ తీయండి. ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి, ఇవ్వకపోతే ఇవ్వాల్సిన రోజు నుంచి 60 రోజులు లెక్కపెట్టాలి. ఆలోపు కాంగ్రెస్ అనుమతి రాకపోతే సైన్యాన్ని వెనక్కి తేవాలి. క్షేమంగా తేవడానికి అవసరమని అధ్యక్షుడు లిఖితపూర్వకంగా చెబితే ఇంకో 30 రోజులు. నేను లెక్క నేర్చుకున్నది లిబియాతో. 2011 మార్చి 19న దాడులు మొదలయ్యాయి, 21న ఒబామా ఉత్తరం పంపారు. మార్చిలో 10 రోజులు, ఏప్రిల్‌లో 30, మే 20కి 60 నిండాయి. కాంగ్రెస్ అనుమతి రాలేదు, దాడులూ ఆగలేదు. నేల మీద మన సైనికులు లేరు, మనవాళ్ల ప్రాణాలకు పెద్దగా ముప్పు లేదు, కాబట్టి చట్టం చెప్పే ‘హాస్టిలిటీస్’ (పోరు) ఇవి కావు అని ప్రభుత్వం వాదించింది. పైనుంచి బాంబు వేస్తే కింద ఉన్నవాళ్లకు అది యుద్ధం కాకపోతుందా? గడువు దగ్గర పడుతున్నప్పుడు ఇలాంటి వాదన ఏదైనా వస్తోందేమో చూడండి.

ఉత్తరంలో చట్టం పేరు ఉంటే ఆ చట్టం తెరిచి తేదీ చూడండి. ఎక్కువగా కనిపించేది 2001 సెప్టెంబరు 18న సంతకమైన అనుమతి. సెప్టెంబరు 11 దాడులు చేసినవాళ్లు, చేయించినవాళ్లు, వాళ్లకు ఆశ్రయమిచ్చినవాళ్లు అని అందులో ఉంది. ముగింపు తేదీ లేదు. ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు, కాదన్నది బార్బరా లీ ఒక్కరే. 2014లో ఇస్లామిక్ స్టేట్ మీద దాడులకూ దీన్నే చూపించారు. ఆ కాగితం మీద సంతకం పడేనాటికి మా అబ్బాయి ఇంకా పుట్టలేదు.

కోర్టు ఆపుతుందని ఎదురుచూడకండి. కొసావో బాంబింగ్ మీద కాంగ్రెస్ సభ్యులే 1999లో దావా వేస్తే కోర్టు కొట్టేసింది. డబ్బు ఆపడం మాత్రం పనిచేసింది: ఇండోచైనాలో (వియత్నాం, లావోస్, కంబోడియాల్లో) పోరుకు 1973 ఆగస్టు 15 తర్వాత, సోమాలియాలో సైన్యానికి 1994 మార్చి 31 తర్వాత కాంగ్రెస్ నిధులు ఆపింది.

ఇక ఫోన్. మొదటిసారి నేను మా ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసి ‘ఈ యుద్ధం ఆపండి’ అన్నాను. అవతలి అమ్మాయి మర్యాదగానే ‘ఏ రిజల్యూషన్ (తీర్మానం) గురించండీ?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో తీర్మానం నంబరు చూసుకునే చేస్తున్నాను. నంబరు ముందు ‘కాన్’ (కాంకరెంట్) అని ఉంటే అది అధ్యక్షుడి సంతకానికి వెళ్లదు, కానీ అధ్యక్షుడి ముందుకు వెళ్లని తీర్మానంతో కాంగ్రెస్ ప్రభుత్వాన్ని కట్టడి చేయలేదని 1983లో సుప్రీంకోర్టు ఇచ్చిన చాధా తీర్పు తర్వాత దానికి అధ్యక్షుణ్ణి కట్టడి చేసే బలం ఉందని నమ్మేవాళ్లు తక్కువ. ‘జె’ (జాయింట్) అని ఉంటే అది గట్టిది, అయితే అధ్యక్షుడు వీటో చేయొచ్చు. 2019లో యెమెన్, 2020లో ఇరాన్ తీర్మానాలు రెండు సభల్లో నెగ్గి వీటో దగ్గర ఆగిపోయాయి. వీటో దాటాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. యుద్ధం మొదలుపెట్టడానికి సగానికి పైగా ఒప్పుకోవాలని రాసుకున్న దేశంలో ఇప్పుడు ఆపడానికి మూడింట రెండొంతుల మంది కావాల్సి వస్తోంది. ఇది తలకిందుల లెక్క అని మీ సెనేటర్‌కు చెప్పండి.

సెనేట్‌లో ఈ ‘జె’ తీర్మానాలకు ప్రత్యేక దారి ఉంది. కమిటీ వాటిని తొక్కిపెట్టడం కుదరదు, సెనేట్‌లో చర్చ ముగించడానికి సాధారణంగా కావాల్సిన 60 ఓట్లు అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. అందుకే ఓటింగ్‌కు ముందు రోజుల్లోనే ఫోన్ చేయండి. పేరు, ఊరు, జిప్ కోడ్, తీర్మానం నంబరు చెప్పి, ‘సెనేటర్ అవునంటారా, కాదంటారా?’ అని ఒకే ప్రశ్న అడగండి. ఇంకా నిర్ణయించుకోలేదంటే మళ్లీ ఎప్పుడు చేయమంటారో అడిగి తేదీ రాసుకోండి. ఓటింగ్ అయ్యాక ఎవరు ఎటు వేశారో సెనేట్ వెబ్‌సైట్‌లో పెడతారు. నా నోట్‌బుక్‌లో మా ఇద్దరు సెనేటర్ల పేర్ల పక్కన ఆ ఓటు రాసుకోవడానికి ఒక గడి పెట్టుకున్నాను.