కళ్యాణి డ్యామ్‌కి వెళ్తున్నారా? ముందు ఇది చూసుకోండి

ఆదివారం పులిహోర కట్టుకుని పిల్లలతో కళ్యాణి డ్యామ్‌కి బయల్దేరేవాళ్లు ముందు నెల చూసుకోండి. మన తిరుపతి వైపు పెద్ద వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అంటే డ్యామ్ నిండి చూడముచ్చటగా ఉండేదీ, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి ఎలా పొంగిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

గేట్ల కింద బండల మీద కూర్చుని ఫొటోలు దిగొద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన శేషాచలం కొండల్లో వాన పడితే నీళ్లు వచ్చేస్తాయి, సైరన్ వినగానే చెప్పులు, బాక్సులు ఏరుకోకుండా గట్టెక్కేయండి.

నీళ్లలో దిగే ఆలోచన మానుకోండి. ఈత వచ్చినా సరే, ఒడ్డు దగ్గర మోకాలిలోతు కనబడి రెండడుగులకే లోతు అందదు, అడుగున ఒండ్రులో కాలు దిగబడితే ఈత పనికిరాదు. ఎవరైనా పడితే వెనకే దూకకండి. తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ క్యానో విసిరి, 112కి ఫోన్ చేయండి.

ఏ మట్టికట్ట కిందైనా నీళ్లు ఊరుతూ బురదరంగులో కనిపిస్తే అక్కడి సిబ్బందికి చెప్పండి, లోపల మట్టి కోసుకుపోతోందేమో.

తిరుపతి తాగే నీళ్లలో ఇవీ ఉన్నాయి, కాబట్టి ప్లేట్లూ సీసాలూ వెనక్కి తెచ్చేయండి. చుట్టూ అడవి, చిరుతలు తిరిగే చోటు, పొద్దుగూకకముందే చంద్రగిరి చేరిపోండి.