ఊరి చెరువును ఆక్రమణల నుంచి కాపాడుకోవడం ఎలా?

రాజాం, బొబ్బిలి, టెక్కలి, పలాస... మన చిన్న పట్టణాల్లో చాలా చెరువులది ఒకటే కథ. ఎండాకాలంలో నీళ్లు తగ్గగానే ఓ మూల రెండు ట్రాక్టర్ల మట్టి పడుతుంది. మరుసటి ఏడాది దాని మీద పాక లేస్తుంది, ఆ తర్వాత కరెంటు మీటరు వస్తుంది. అందుకే చెరువు కోసం పదిమంది కలిస్తే పార కంటే ముందు సర్వే నంబరు పట్టుకోవాలి. గుర్రపుడెక్క తీయడం మంచి పనే. కానీ హద్దు తేలని చెరువును ఎంత శుభ్రం చేసినా పక్క ప్లాట్ల ధర పెరుగుతుందే తప్ప చెరువు మిగలదు.

ముందు సంఘం. ఏడుగురు ఉంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. దీనికి తొందరేం లేదు, అర్జీ పెట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆయకట్టు రైతులు, చేపలు పట్టేవాళ్లు, రేవులో బట్టలు ఉతికేవాళ్లు మాత్రం సంఘంలో తప్పకుండా ఉండాలి. ఏ రాత్రి ఎక్కడ మట్టి పడిందో ముందు తెలిసేది వాళ్లకే.

తర్వాత కాగితాలు. అసలు పని ఇదే. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఆ ఊళ్లకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరు తయారైంది. చెరువు ఎన్ని ఎకరాలో, ఏ రకం పోరంబోకో అందులో చూడండి. జమీందారు లేకుండా రైతులే నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన రైత్వారీ గ్రామమైతే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూడాలి. వీటితో పాటు ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పుస్తకం) పటం, ఇప్పటి అడంగల్ నకళ్లు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు రావాలి. ఊరికే "చెరువు వివరాలు ఇవ్వండి" అంటే ఏదో ఒకటి రాసి పంపేస్తారు. సర్వే నంబరు వేసి, ఏ రిజిస్టరు నకలు కావాలో పేరుపెట్టి అడగండి.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత విస్తీర్ణం, కొత్త విస్తీర్ణం పక్కపక్కన రాసుకోండి. తేడా వస్తే మీ అర్జీ దానితోనే మొదలుపెట్టండి. ఆ భూమి 22ఏ నిషేధిత జాబితాలో లేకపోతే చేర్చమని అడగండి. అందులో ఉంటే దాని మీద రిజిస్ట్రేషన్లు జరగవు.

చెరువును ఎవరు దేనికి వాడుతున్నారో కూడా రాసిపెట్టండి: సాగు, చేపలు, పశువుల మేత, తుంగ. సోంపేట బీలను (చిత్తడి నేలను) పనికిరాని భూమిగా చూపించి థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. దాన్ని నమ్ముకున్న రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత చెప్పుకోవడం కంటే ముందే రాసి ఉంచుకోవడం మేలు.

ఇక కొలత. నీళ్లు తగ్గే మార్చి–మే నెలల్లో సర్వే జరిగేలా తహసీల్దారు గారికి ముందే అర్జీ పెట్టండి. సర్వేయరు వచ్చేలోగా ముళ్లపొదలు కొట్టించి దారి చేయండి. ఊళ్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి, పాత హద్దురాయి ఎక్కడ పూడుకుపోయిందో వాళ్లే చూపిస్తారు. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక చైను, అంటే 66 అడుగులు. ఒక లింకు దాదాపు ఎనిమిది అంగుళాలు. ఈ లెక్క మీకూ తెలిసుంటే టేపు పట్టుకుని సరిచూసుకోవచ్చు. రాయి పాతాక ఫోటో తీసేటప్పుడు మదుమో (తూమో) గుడో, కదలనిది ఏదైనా వెనక కనిపించాలి. పక్క రైతుల సంతకాలతో పంచనామా రాయించండి.

ఆక్రమణ తేలితే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 1905 భూ ఆక్రమణల చట్టం కింద ముందు నోటీసు, తర్వాత తొలగింపు ఉంటుంది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో ఇచ్చిన జగ్‌పాల్ సింగ్ తీర్పును అర్జీలో రాయండి. ఏళ్ల తరబడి గట్టు మీద ఉంటున్న పేదల గుడిసెలతో మొదలుపెట్టకండి. వాళ్లకు వేరే చోటు చూపించమని అడగడం కూడా సంఘం పనే. ముందు ఆపాల్సింది ఈ ఏడాది కొత్తగా పడుతున్న మట్టిని.

హద్దు తేలాక మొక్కలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తాటిపళ్లు రాలుతాయి. ఆ టెంకలను హద్దురాళ్ల వరుసకు లోపలివైపు, మూడు నాలుగు మీటర్లకొకటి పాతండి. నీళ్లు పోయక్కర్లేదు, కంచె అక్కర్లేదు. మదుము, అలుగు దగ్గర మాత్రం ఏ చెట్టూ వద్దు, వేళ్లు రాతికట్టును పగలగొడతాయి.