సిజేరియన్‌కి వెన్ను సూది: వీపు ఎలా వంచాలి?

సిజేరియన్‌కి నడుం కిందిభాగం మొద్దుబారేలా మత్తు ఇచ్చే వెన్ను సూది ఒక్కసారికి పడలేదంటే అందరూ మత్తు డాక్టరునే తిడతారు. చాలాసార్లు గొడవంతా వీపు సరిగ్గా వంగకపోవడం దగ్గరే ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ఇంతమందికి వేసే సూదికి ఎలా కూర్చోవాలో మాత్రం ముందురోజు చెప్పేవాళ్లు తక్కువ. టేబుల్ ఎక్కించాక "వంగమ్మా, ఇంకా వంగు" అని కేకలేస్తారు.

ముందురోజు పని

అన్నం, టిఫిన్ ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి. పూరీ, బిర్యానీ లాంటివైతే 8 గంటలు. మామూలుగా మంచినీళ్లు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. మీ డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించండి. పాలు పోసిన టీ నీళ్ల కిందికి రాదు, దానికీ 6 గంటలే. రాత్రి పన్నెండు నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా గొంతు తడవకుండా కూర్చోబెట్టడం పాత అలవాటు, దానివల్ల నీరసం తప్ప లాభం లేదు.

రక్తం పల్చబడే ఇంజెక్షన్లు వాడుతుంటే చివరిది ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసి పెట్టుకోండి. అలాంటి ఇంజెక్షనైన ఎనాక్సాపారిన్ చిన్న డోసైతే 12 గంటలు, పెద్ద డోసైతే 24 గంటలు గడిచాకే వెన్ను సూది. చిన్న ఆస్పిరిన్ మాత్ర అడ్డం కాదు, అయినా చెప్పండి. గోళ్ల రంగు తీసేయండి.

ముహూర్తం పెట్టించుకునేవాళ్లకి ఒక మాట. పంతులుగారు చెప్పేది బిడ్డ పుట్టే నిమిషం. మత్తుకి, అది ఎక్కడానికి, కోతకి కలిపి కనీసం ముప్పావుగంట ముందే ఓటీ, అంటే ఆపరేషన్ గదిలోకి వెళ్లాలి. పది నిమిషాల ముందు టేబుల్ ఎక్కించి తొందరపెడితే సూది దగ్గరే తేడా వస్తుంది.

ఓటీలో

చేతి నరంలోకి ఆకుపచ్చ కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం), సెలైన్, బీపీ పట్టీ, వేలికి క్లిప్పు, ఛాతీ మీద మూడు స్టిక్కర్లు. ఇవన్నీ ఐదు నిమిషాల పని.

కూర్చోవడం: అసలు కష్టం ఇక్కడే

వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అందుకే రెండు తుంటి ఎముకల పైఅంచులను కలిపే గీత దగ్గర, మూడు నాలుగు లేదా నాలుగు ఐదు నడుంపూసల మధ్య సందులో సూది వేస్తారు. నెలలు నిండేసరికి కడుపు బరువుకి నడుం లోపలికి గుంటపడి ఆ సందులు మూసుకుంటాయి. వాటిని తెరవగలిగేది మీరే.

పిరుదులు టేబుల్ వెనక అంచుకి దగ్గరగా రావాలి. పాదాలు గాలిలో వేలాడకూడదు, కింద స్టూల్ అడగండి, మోకాళ్లు కాస్త పైకి లేవాలి. దిండుని కడుపు పైన, ఛాతీకి అదిమి పట్టుకోండి. భుజాలు వదిలేయండి. గడ్డం ఛాతీకి ఆనించి, నడుం కిందిభాగాన్ని వెనక్కి, డాక్టరు చేతి మీదికి నెట్టండి. ఎండురొయ్యలా గుండ్రంగా ముడుచుకోవాలి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గుళ్లో దండం పెట్టినట్టు తుంటి దగ్గర్నుంచి ముందుకు వాలతారు. చూడ్డానికి వంగినట్టే ఉంటుంది కానీ వీపు పలకలా చదునుగా, సందులు మూసుకునే ఉంటాయి. ముందుకు వాలొద్దు, నడుం వెనక్కి తోయండి. ఇంట్లో పది రోజుల ముందు నుంచి స్టూల్ మీద కూర్చుని, భర్తనో అమ్మనో నడుం మీద అరచెయ్యి పెట్టమని, ఆ చేతిని తోయడం అలవాటు చేసుకోండి. కొందరు మెడ పట్టుకుని తలని కిందికి నొక్కుతారు. మెడ ఎంత వంచినా నడుంపూసలు పెద్దగా తెరుచుకోవు, పైగా భయం పెరుగుతుంది. ఎదురుగా నిలబడే నర్సు భుజాలు పట్టుకుంటే చాలు.

రెండో పొరపాటు ఒరిగి కూర్చోవడం. ఒక పిరుదు కింద గౌను మడత ఉన్నా, పరుపు దిగబడినా వెన్ను పక్కకి తిరుగుతుంది, సూది ఎముకకి తగులుతుంది. రెండు భుజాలు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో నర్సుని చూడమనండి.

తర్వాత వచ్చే మూడు క్షణాల్లో ఎగిరిపడతారు. వీపు మీద మందు చల్లగా తగలగానే, పైచర్మానికి ఇచ్చే సూది చురుక్కుమనగానే, లోపల ఒత్తిడి మొదలవగానే. మూడూ వస్తాయని ముందే తెలిస్తే సగం ఉలికిపాటు తగ్గుతుంది. కాల్లోకి కరెంటు షాక్‌లా పాకితే "అమ్మో" అని నిటారుగా లేవకండి. కదలకుండా "కుడి కాలు" అనో "ఎడమ కాలు" అనో చెప్పండి. నరం ఏ పక్క తగిలిందో దాన్నిబట్టే డాక్టరు సూదిని వెనక్కి తీసి దిశ మారుస్తారు. ఒట్టి అరుపులో ఆ సమాచారం ఉండదు.

సూది ఏదని అడగడంలో తప్పు లేదు. 25 లేదా 27 నంబరు, పెన్సిల్ మొన ఉన్నదే వేయాలి. కోసుకుంటూ పోయే పాత మొన సూదితో తర్వాత తలనొప్పి ఎక్కువ. నాలుగు రూపాయలు మిగులుతాయని అది వాడటం పిసినారితనం.

మందు పడ్డాక

సూది వెనక నీళ్లలా తేటగా వెన్నునీరు చుక్క వస్తే చోటు దొరికినట్టు. సాధారణంగా 2 మి.లీ. అటూఇటుగా, అంటే సుమారు 10 మి.గ్రా. బుపివకైన్ అనే మత్తుమందు, కొద్దిగా ఫెంటానిల్ అనే నొప్పిమందు కలిపి ఇస్తారు. చక్కెర కలిపిన ఈ మందు బరువుగా ఉండి కిందికి దిగుతుంది. అందుకే వెంటనే పడుకోబెట్టాలి, కూర్చునే ఉంటే మత్తు పిరుదుల దగ్గరే ఆగిపోతుంది. కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమకి ఒరిగిస్తారు, లేకపోతే కడుపు బరువు పెద్ద రక్తనాళాన్ని అదిమేస్తుంది.

కాళ్లు వెచ్చబడి, బరువెక్కుతాయి. వాంతి వచ్చేలా ఉందంటే చాలాసార్లు బీపీ పడిపోయిందన్నమాట. వెంటనే చెప్పండి, బీపీ పెంచే ఫినైల్‌ఎఫ్రిన్ ఇస్తే సర్దుకుంటుంది. చల్లటి స్పిరిట్ దూది తాకించినప్పుడు చనుమొనల ఎత్తు దాకా చల్లదనం తెలియకూడదు. తెలుస్తుంటే మొహమాటపడి "తెలియట్లేదు" అనొద్దు. బిడ్డని తీసేటప్పుడు లాగినట్టు, నొక్కినట్టు ఉండటం మామూలే, కోసినట్టు నొప్పి ఉంటే మాత్రం మామూలు కాదు, గట్టిగా చెప్పండి. ఊపిరి ఆడనట్టు అనిపించినా గొంతు బాగుండి, డాక్టరు వేళ్లు గట్టిగా పిసకగలిగితే సాధారణంగా భయం లేదు, అయినా చెప్పండి. గొంతు సన్నగిల్లినా, చేతుల్లో పట్టు తగ్గినా ఆ క్షణమే చెప్పాలి.

తర్వాత

24 గంటలు దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెడితే తలనొప్పి రాదన్న నమ్మకం ఇంకా పోలేదు. దానికి ఆధారం లేదు, బిడ్డకి పాలివ్వడం మాత్రం కష్టమవుతుంది. ఈ తలనొప్పి కొత్తదేమీ కాదు. 1898లో జర్మనీలో ఈ మత్తు మొదలుపెట్టిన ఆగస్ట్ బియర్ దాన్ని తనమీదే వేయించుకుని రోజుల తరబడి తలనొప్పితో పడుకున్నాడు. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి వారంలోపు వస్తే ఇంట్లో మాత్రలు మింగుతూ ఉండిపోకండి, మత్తు డాక్టరుకే చూపించండి. తగ్గకపోతే మీ చేతి రక్తమే 15–20 మి.లీ. తీసి వెన్నుపూసల మధ్య ఎక్కిస్తారు.

ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పిని ఈ సూదికి అంటగట్టడం అన్యాయం. సూది పడ్డచోట నాలుగు రోజులు సలుపుతుంది, అంతే. కానీ సూది వేసి 4 గంటలు దాటినా కాలు మంచం మీంచి ఎత్తలేకపోతే, తగ్గిన తిమ్మిరి మళ్లీ వస్తే, జ్వరంతో వెన్ను నొప్పి మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా నర్సుని పిలవండి.