ఎండలు ముదరకముందే ఇంటి వైఫైని సరిచూసుకోండి

మే నెలలో కడప, కర్నూలుల్లో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇళ్లలో వాడే చాలా రౌటర్లు తట్టుకోగల హద్దు కూడా 40 డిగ్రీలే. పడమటి గోడ గూట్లో, కింద కడప బండ, ముందు టీవీ పెట్టి దాన్ని ఉడకబెడితే మధ్యాహ్నానికి ఫోన్లు వైఫై నుంచి ఒక్కొక్కటే ఊడిపోతాయి. మార్చిలోనే బయటికి తీసి, చుట్టూ జానెడు జాగా ఉండేట్టు నడిమింట్లో ఎత్తుగా పెట్టండి. బీరువా పక్కన వద్దు. నిండు కూలర్ వెనక అసలే వద్దు, ఆ తొట్టి నీళ్లు సిగ్నల్‌ను మింగేస్తాయి.

అడాప్టర్‌ను ఎవరూ అనుమానించరు. ఏళ్ల వేడికి లోపలి కెపాసిటర్ ఉబ్బుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, లోడు పెరగ్గానే వోల్టేజీ పడి రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. కొత్తది కొనేటప్పుడు వోల్టులు పాతదానివే ఉండాలి. ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ కుదరదు. పిన్ను కూడా సరిపోవాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటుకే రౌటర్ ఆగిపోతుంటే, అదే వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోండి. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ కావాలి.

నెట్ తెగిన క్షణంలో లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పేది) అని రాసున్న లైటు ఎర్రగా ఉంటే తప్పు ఫైబర్ లైనుది, లైన్‌మన్‌ను పిలవాల్సిందే. లైట్లన్నీ ఆరి వెలిగితే కరెంటుది. అన్నీ బాగుండి ఒక్క ఫోనే తెగుతుంటే, అందులో ఆ నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి.

సెలవులకు చుట్టాలొస్తే ఇంకో తిప్పలు. సీసీ కెమెరాకు చేత్తో 192.168.1.20 అనే ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చి ఉంటారు. రౌటర్ అదే నంబరును చుట్టాల ఫోనుకూ పంచితే రెండూ కొట్టుకుని తెగుతాయి. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (రౌటర్ తానే నంబర్లు పంచే పద్ధతి) పరిధిని చివరి అంకె 100 నుంచి 200 వరకు ఉండేట్టు మార్చి, కెమెరా చివరి అంకెను 100 లోపలే ఉంచండి.

అదే సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండుకు ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11 ఛానళ్లలో పక్కిళ్ల రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. స్మార్ట్ బల్బులు చాలావరకు ఈ బ్యాండునే పట్టుకుంటాయి కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టండి. పాత ఫోన్లు వైఫైకి ఎక్కకపోతే భద్రత సెట్టింగులో డబ్ల్యూపీఏ3 బదులు పాతదైన డబ్ల్యూపీఏ2 చాలు.

ఇవేవీ చూడకుండా రీసెట్ బొక్కలో పిన్నీసు గుచ్చకండి. కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లోనే ఉంటే అవీ చెరిగిపోతాయి. ముందు సెట్టింగుల పేజీ తెరిచి ఫోటో తీసుకోండి, పాస్‌వర్డు చుక్కలుగా కనిపిస్తే కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి.