పొట్టేలు పిల్లలు తింటున్నా బరువు రావడం లేదా?

అనంతపురం పల్లెల్లో మూడు నెలల పొట్టేలు పిల్లలను కొని, షెడ్డులో మేపి సంతలో అమ్మేవాళ్లు చాలామంది. బరువు రాకపోతే ముందు బరువు పెంచుతుందని చెప్పే గ్రోత్ ప్రమోటర్ డబ్బా కొంటారు. దయచేసి దానికంటే ముందు తొట్టిలో ఏముందో చూడండి.

పొట్ట పెద్దది, వెన్ను తేలింది

నడుము మీద బొటనవేలితో నొక్కండి. ఎముక మొనలు గుచ్చుకుంటే మాంసం పట్టలేదన్నమాట. కింది కనురెప్ప తిప్పి చూడండి. తెల్లగా పాలిపోయి ఉంటే నట్టల అనుమానం, డాక్టరును అడిగి మందు తాపండి. ఎర్రగానే ఉంటే ఎక్కువగా ప్రోటీన్ కొరతే. జొన్న చొప్పలో ప్రోటీన్ 3–4 శాతానికి మించదు. వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్క) చాలా మేలు, కానీ ఆకు ఉంటేనే. వానకు తడిసి ఆకు రాలిన కట్టెలో మిగిలేది పుల్లే. ఎదిగే పిల్లకు మొత్తం మేతలో 14–16 శాతం ప్రోటీన్ కావాలి.

100 కిలోల దాణాకు మొక్కజొన్న 45, వేరుశనగ చెక్క 20, గోధుమ పొట్టు 31, గొర్రెల మినరల్ మిక్చర్ 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1 కిలో కలపండి. ప్రోటీన్ దాదాపు 17 శాతం వస్తుంది. పిల్ల బరువులో 1 శాతంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో 2 శాతానికి తీసుకెళ్లండి. అంటే 15 కిలోల పిల్లకు రోజుకు 300 గ్రాములు. దాంతోపాటు ఆకున్న కట్టె, కొంచెం సుబాబుల్ లేదా హెడ్జ్ లూసర్న్ పచ్చిమేత వేస్తే లెక్క సరిపోతుంది.

చెక్కను విరిచి చూశాకే కొనండి. లోపల పచ్చటి బూజు, ముక్కిన వాసన ఉంటే ఎంత చవకైనా వద్దు. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది. ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు.

బాగా తినే పిల్లే తెల్లారేసరికి చనిపోయింది

దాణా ఒక్కసారిగా పెంచితే వచ్చే చిటుక రోగం కావచ్చు. దాణా మొదలుపెట్టక ముందే టీకా, రెండు మూడు వారాలకు బూస్టర్ వేయించండి. పెంటికలు పోయి జారుడు మొదలైతే మొక్కజొన్న తగ్గించి, ముందు ఎండుమేత వేసి తర్వాత దాణా పెట్టండి. క్వింటాలు దాణాకు కిలో తినే సోడా కలపవచ్చు.

మూత్రం చుక్కలుగా వస్తోంది, ముక్కుతోంది

రాళ్లు అడ్డుపడ్డాయి, ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. మిగతా పిల్లలకు రాకుండా నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, దాణాలో సున్నపురాయి పొడి మానకండి. క్వింటాలుకు అర కిలో అమ్మోనియం క్లోరైడ్ కూడా పనిచేస్తుంది.

మూత్రం కాఫీ రంగు, కళ్లు పచ్చన

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చవకని కోళ్ల దాణా, ఆవుల మినరల్ మిక్చర్ వేస్తే వాటిలోని రాగి గొర్రె కాలేయంలో వారాల తరబడి పేరుకుంటుంది. ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది, అప్పటికి చాలావరకు చేయిదాటిపోతుంది. ఆ దాణా వెంటనే ఆపి పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. ఇకపై గొర్రెలకని రాసి ఉన్న మిక్చరే కొనండి.

మరి డబ్బాలు?

ఈస్ట్ అరుగుదలకు కొంత సాయపడొచ్చు, చెక్క చేసే పని మాత్రం చేయదు. బరువు కోసం దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు కొలత తప్పితే గొర్రెలే చనిపోతాయి. మందతో తిరిగే గాడిద ఆ దాణా తింటే దాని ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పకుండా కలపవద్దు. చెక్క ఖరీదని చిన్న పిల్లలకు యూరియా అసలే పెట్టకండి. గడ్డ నోట్లో పడితే వణుకు, నురగ, ఉబ్బరం, కొద్ది గంటల్లోనే చావు.

15 రోజులకోసారి ఉదయం మేత వేయకముందు తూకం వేయండి. మంచి మేతతో నెల్లూరు రకం పిల్ల రోజుకు 100 గ్రాములకు తగ్గకుండా పెరగాలి.